ఒకరు నింపిన సిరంజిని మరొకరు వేయవచ్చా?

కర్నూలు జిల్లా పడమటి వైపు పల్లెలో పుట్టి, పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు బి.ఎస్సీ. నర్సింగ్ రెండవ సంవత్సరంలో ఉన్న ఒక విద్యార్థిని సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తన పేరు గాని, కళాశాల పేరు గాని, పోస్టింగ్ వేసిన ఆసుపత్రి పేరు గాని అందులో లేవు. మందుల గురించి చెప్పే ఫార్మకాలజీలో తనకు మంచి మార్కులే వచ్చాయని, కాని అవి పేజీలకు పేజీలు బట్టీ పట్టినందువల్ల వచ్చినవే తప్ప తెలిసి వచ్చినవి కావని, వార్డులో ఆంపౌల్ (ఇంజక్షన్ మందు ఉండే చిన్న గాజు సీసా) చేతికి తీసుకోగానే చదివినదంతా మరుపున పడిపోతున్నదని ఆమె మొదలుపెట్టారు.

ప్రస్తుతం ఆమెకు సర్జికల్ వార్డులో పోస్టింగ్. ఉదయం ఎనిమిది గంటల ఇంజక్షన్ల వేళకు నలభైకి పైగా రోగులకు స్టాఫ్ నర్సు ఒక్కరే ఉంటారు. ఆ సిస్టర్ యాంటీబయాటిక్‌లన్నీ వరుసగా సిరంజీల్లోకి లోడ్ చేసి (నింపి), సిరంజీలకు బెడ్ నంబరు రాసిన ప్లాస్టర్ ముక్కలు అంటించి ట్రేలో పెడితే, విద్యార్థినులు తీసుకుపోయి రోగి నరానికి అమర్చిన గొట్టం, అంటే క్యాన్యులాలో ఇస్తారు. తరువాత చార్టులో సంతకాలు ఎవరికి తీరికైతే వారు పెడతారు. ఇలా జరుగుతుండగా ఒక రోజు, వార్డులో ఈరన్న అనే పేరుతో ఇద్దరు రోగులు ఉన్నారు. రాత్రి డ్యూటీలో వారి మంచాలు మార్చారు. ఆ సంగతి ఉదయం డ్యూటీవారికి తెలియలేదు. ఈ విద్యార్థిని స్నేహితురాలు మొదటి ఈరన్నకు ఇవ్వవలసిన సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ను రెండవ ఈరన్నకు ఇచ్చింది. కొద్ది నిమిషాల్లోనే అతనికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అంతకు కొంచెం ముందే అతనికి సిప్రోఫ్లోక్సాసిన్ అనే మరొక యాంటీబయాటిక్ బాటిల్ ఎక్కించడం పూర్తయింది కాబట్టి డ్యూటీ డాక్టరు దానినే అనుమానించి ఆపివేశారు, అలర్జీ తగ్గడానికి ఎవిల్, హైడ్రోకార్టిసోన్ ఇప్పించారు, కేస్‌షీట్ మీద సిప్రోఫ్లోక్సాసిన్ పడదని ఎర్ర సిరాతో రాశారు. సాయంత్రానికి దద్దుర్లు తగ్గాయి. జరిగిన పొరపాటు స్నేహితురాలికి తరువాత అర్థమైంది. ఆమె ఈ విద్యార్థినికి మాత్రమే చెప్పి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంది. ఆ రోగి ఇంటికి వెళ్లిపోయాడు. కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ రావలసి ఉంది.

ఇప్పుడు ఈమె అడుగుతున్నవి ఇవి. ట్యూటర్ మేడమ్‌కు చెప్పాలా, చెబితే స్నేహితురాలి చదువు ఏమవుతుంది? వేరొకరు లోడ్ చేసిన సిరంజిని వేయనని సిస్టర్‌తో ఎలా అనాలి, ఒకసారి సందేహం అడిగినందుకే “ఇంత మాత్రం చేయలేనిదానివి నర్సింగ్‌కు ఎందుకొచ్చావు” అని అందరి ముందు అన్నారే? డోసు లెక్కలంటే చేతులు వణకడం పోవాలంటే ఏం చేయాలి? తండ్రి అప్పు చేసి ఫీజు కట్టిన ఈ చదువు అసలు తనకు తగినదేనా?

మీ నాలుగు ప్రశ్నల్లో మొదటిదానికి మాత్రం గడువు ఉంది, ఆ రోగి కుట్లు విప్పించుకోవడానికి వచ్చే రోజే ఆ గడువు. ఉత్తరంలో చిరునామా లేదు కనుక నేను మీకు విడిగా రాయలేకపోయాను. ఇది మీ కంటబడే నాటికి ఆ రోజు దాటిపోయి ఉన్నా నా మాట మారదు, ఎందుకంటే కేస్‌షీట్ రికార్డు గదిలో భద్రంగా ఉంటుంది, అందులో అతని ఊరూ ఫోన్ నంబరూ ఉంటాయి.

మీరు ఈ విషయాన్ని స్నేహానికీ మనస్సాక్షికీ మధ్య తగవుగా చూస్తున్నారు. ఆ రెండింటినీ కొంతసేపు పక్కన పెట్టి, కేస్‌షీట్ ఒక్కదానినే చూడండి. సిప్రోఫ్లోక్సాసిన్ ఎక్కించడంలో అది మూడవ రోజని, మొదటి రెండు రోజులు అతనికి ఏమీ కాలేదని మీరే రాశారు. అంటే అనుమానం ఎక్కువగా సెఫ్ట్రియాక్సోన్ మీదికే పోతుంది. అలాగని సిప్రోఫ్లోక్సాసిన్ నిర్దోషి అని మీరూ నేనూ తేల్చలేము. తేల్చవలసిన డాక్టరుకు ఆ ఉదయం అతని ఒంట్లోకి రెండు మందులు వెళ్లాయన్న సంగతే తెలియదు. ఫలితంగా ఆ కాగితం మీద పడదని రాసిన మందు బహుశా పడేదే కావచ్చు, పేరైనా లేని మందు పడనిది కావచ్చు. సెఫ్ట్రియాక్సోన్ అరుదైన మందు కాదు. ఆదోని నుంచి నంద్యాల వరకు ఏ చిన్న నర్సింగ్ హోముకు పోయినా జ్వరానికో, పుండుకో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో రోజూ వాడేది. రేపు ఈరన్నను ఎవరైనా జాగ్రత్తగా అడిగినా సరే, తనకు పడనిది సిప్రో అని చెబుతాడు, అప్పుడు వారు నిశ్చింతగా సెఫ్ట్రియాక్సోన్ ఎక్కిస్తారు. మొదటిసారి దద్దుర్లతో పోయిన అలర్జీ రెండవసారి గొంతు వాపు, ఊపిరాడకపోవడం, బి.పి. పడిపోవడం దాకా పోవచ్చునని మీరు చదివే ఉన్నారు.

ఆ డోసు అందవలసిన మొదటి ఈరన్న సంగతి మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. అతనికి ఆ పూట డోసు అందలేదు, కాని చార్టులో అందినట్టు సంతకం పడే ఉంటుంది. అతని పుండు ఆలస్యంగా మానితే డాక్టరు మందు పనిచేయడం లేదనుకుని మరింత బలమైనదానికి మార్చవచ్చు.

మీ ముందున్న దారులను ఒక్కొక్కటిగా చూద్దాం. మీ స్నేహితురాలే ట్యూటర్ దగ్గరకు వెళ్లి చెప్పడం, మీరు పక్కన నిలబడడం ఒక దారి. ఆమెను ఒప్పించడానికి తప్పొప్పుల ప్రసంగం చేయకండి. పైన నేను రాసిన కేస్‌షీట్ సంగతి చెప్పి, “ఆయన మళ్లీ ఎక్కడైనా అదే సూది వేయించుకుంటే ఏమవుతుంది?” అని అడగండి. చాలామంది విద్యార్థినులు శిక్షకు భయపడి దాస్తారే గాని రోగి ప్రాణం లెక్కలేక కాదు, కాబట్టి ఆమె కదులుతుందనే అనుకుంటున్నాను. దీని పర్యవసానం సుఖంగా ఉంటుందని మాత్రం చెప్పలేను. వివరణ రాసిమ్మంటారు, పోస్టింగ్ మళ్లీ చేయమనవచ్చు, కొన్నాళ్లు వార్డులో అందరూ గుసగుసలాడతారు. కాని తానుగా వచ్చి చెప్పిన విద్యార్థినిని చూసే తీరు వేరు, విచారణలో దొరికిపోయిన విద్యార్థినిని చూసే తీరు వేరు. పైగా అప్పుడే, బెడ్ నంబరు మాత్రమే అంటించిన సిరంజీల సంగతీ, రాత్రి మంచాలు మార్చి డ్యూటీ అప్పగించేటప్పుడు చెప్పని సంగతీ కూడా బయటికొస్తాయి. భారమంతా ఆమె ఒక్కదాని మీదే పడదు.

ఆమె ససేమిరా అంటే, మీరే చెబుతానని ముందుగా ఆమెకు తెలియజేసి, ఒక రోజు గడువిచ్చి వెళ్లి చెప్పడం రెండవ దారి. ఇందులో స్నేహం తెగిపోయే అవకాశం గట్టిగానే ఉంది. తెలియజేయకుండా వెనుక నుంచి చెప్పడం కంటే ఇది ఎంతో మేలు, కాని ఆమె కోపం మీరు భరించవలసి ఉంటుంది. మూడవది, పేర్లు లేకుండా ఐ.పి. నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు రోగికి ఇచ్చే నంబరు), తేదీ, సమయం, అనుకోకుండా అందిన మందు పేరు మాత్రం రాసి ఆ యూనిట్ డాక్టరుకు అందేలా చూడడం. రోగికి కావలసిన సమాచారం దీనితో చేరుతుంది. అయితే ఆకాశరామన్న ఉత్తరాన్ని డాక్టరు నమ్మకపోవచ్చు, నమ్మితే ఆ రోజు డ్యూటీలో ఉన్న పిల్లలందరి మీదా, ముఖ్యంగా ఆ సిస్టర్ మీదా అనుమానం పడుతుంది. ఏ తప్పూ చేయని ఒక అమ్మాయి నిలదీతకు గురికావచ్చు. నాలుగవది మౌనం. దానివల్ల ఈ సెమిస్టరు సాఫీగా గడుస్తుంది, కేస్‌షీట్ అలాగే ఉండిపోతుంది.

నా మొగ్గు మొదటిదాని వైపు, కుదరకపోతే రెండవదాని వైపు. మూడవదాన్ని ఎంచుకున్నా మిమ్మల్ని తప్పుపట్టను. నాలుగవదానికి మాత్రం నా దగ్గర సమర్థన లేదు.

ఏ దారిలో వెళ్లినా రాసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు పాటించండి. పాత చార్టులో ఎక్కడా దిద్దకండి, కొట్టివేయకండి, ఖాళీలో ఇరికించి రాయకండి. డాక్టరు గాని, ఇన్‌ఛార్జ్ సిస్టర్ గాని ఈనాటి తేదీ, ఈనాటి సమయం వేసి కొత్తగా రాయాలి. ఏ మందు, ఎంత, ఏ మార్గంలో, ఎన్ని గంటలకు ఇచ్చారు, ఎంతసేపటికి ఏం కనిపించింది, దానికి ఏం చేశారు అన్నంత వరకే రాయాలి. ఎవరి నిర్లక్ష్యం అన్న మాట అక్కడ అక్కరలేదు. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసేందుకు 2010 నుంచి మన దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తున్నది. దాని కేంద్రం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్. డాక్టర్లే కాదు, నర్సులు కూడా ఆ ఫారం నింపి పంపవచ్చు, లేదా 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఆ ఫారం మందు గురించి అడుగుతుంది, దోషి ఎవరని అడగదు. మీ ట్యూటర్‌తో కలిసి మీ స్నేహితురాలు దానిని నింపితే ఫార్మకాలజీలో ఒక పాఠం నిజంగా చదివినట్టే.

ఇక సిరంజీల సంగతి. ఆ ఉదయం తప్పు మీ స్నేహితురాలి చేతి దగ్గర మొదలుకాలేదు. నీళ్లలాగో లేత పసుపుగానో ఉన్న పది మిల్లీలీటర్ల ద్రవం సిరంజిలోకి ఎక్కిన తరువాత అది ఏ మందో చూసి చెప్పగలిగినవారు లేరు. దాని మీద ఉన్నది బెడ్ నంబరు; బెడ్ నంబరు మంచానిది, మనిషిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హానిని తగ్గించడానికి ఒక ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, ప్రత్యేకంగా చూడవలసినవని చెప్పిన మూడింటిలో ఒకటి, రోగి ఒక చోటి నుంచి మరొక చోటికి, ఒకరి సంరక్షణ నుంచి మరొకరి సంరక్షణకు మారే సందర్భం. మీ వార్డులో జరిగింది సరిగ్గా అదే, కాకపోతే మారిన దూరం నాలుగు మంచాలు.

దానికి తోడు మన ప్రాంతపు పేర్లు. ఉరుకుంద ఈరన్నకూ, మద్దిలేటి స్వామికీ మొక్కుకుని పెట్టిన పేర్లతో కర్నూలు జిల్లాలో ఏ మగవారి వార్డు చూసినా ఇద్దరు ఈరన్నలు, ఇద్దరు మద్దిలేట్లు ఉండడం వింత కాదు. కాబట్టి సూది వేసే ముందు “నువ్వు ఈరన్నవేనా?” అని అడగడం దండగ. నొప్పితో ఉన్న మనిషి, చెవులు సరిగా వినపడని మనిషి, డాక్టరమ్మ అడిగిందని గౌరవంతో తల ఊపే మనిషి, ముగ్గురూ ఊఁ అంటారు. “నీ పేరేమప్పా? మీ నాయన పేరు? యా ఊరు?” అని అడిగి, అతని నోటి నుంచే చెప్పించండి, చెప్పిన దానిని కేస్‌షీట్‌లోని పేరుతో, ఐ.పి. నంబరుతో సరిచూడండి. స్పృహలో లేనివారికైతే చేతి పట్టీ, పక్కనున్న బంధువు. అదే నోటితో ఇంకొక ప్రశ్న కూడా అడగండి. “అలర్జీ ఉందా” అంటే చాలామందికి అర్థం కాదు. “ఇంతకు ముందు ఏ సూదికైనా, మాత్రకైనా ఒంటి మీద దద్దుర్లు లేచినాయా, ఆయాసం వచ్చిందా?” అంటే వెంటనే చెబుతారు. తెలుగు మాధ్యమంలో చదివినందుకు మీరు ఉత్తరమంతా నొచ్చుకున్నారు గాని, ఈ ప్రశ్నను సరిగ్గా అడగడం మీకు వచ్చినంత సులువుగా చాలామందికి రాదు. ముందుగా కొంచెం ఇచ్చి చూసే టెస్ట్ డోసు వేశాము కదా, ఇక భయం లేదన్న ధీమా కూడా వద్దు. టెస్ట్ డోసుకు ఏమీ కాకపోయినా అసలు డోసుకు అలర్జీ రావచ్చు. ఇచ్చిన తరువాత కొద్దిసేపు రోగిని చూస్తూ ఉండవలసిందే.

లోడ్ చేసినవారే వేయాలి, వేసినవారే సంతకం చేయాలి అనేది వృత్తిలో పాత నియమం. దాన్ని ఆ సిస్టర్‌కు గుర్తుచేయడం మీ స్థాయిలో ఎలాగన్నదే చిక్కు. ముందుగా ఒక మాట. ఆమెను మీరు కఠినురాలిగా చూస్తున్నారు. నలభైమందికి తొమ్మిది లోపు ఇంజక్షన్లు పూర్తిచేసి రౌండ్స్‌కు సిద్ధంగా ఉండవలసిన మనిషి, ప్రశ్న అడిగే విద్యార్థిని వల్ల పని ఆలస్యమవుతుందనే చూస్తుంది. అది ఆమె అన్న మాటను సమర్థించదు, కాని మీరు మాట్లాడవలసిన తీరును నిర్ణయిస్తుంది. “ఇది నేను వేయను సిస్టర్” అంటే తగవు. “ఈ వరుసలో ఎనిమిదిమందికి నేనే లోడ్ చేసి వేస్తాను సిస్టర్, వయల్ (మందు సీసా) ఒక్కసారి చూసి సరే అనండి” అంటే ఆమె పనిలో కొంత తగ్గుతుంది. మొదటి రెండు మూడు రోజులు మీరు నెమ్మదిగా ఉంటారు, మాట పడతారు. ఆ తరువాత మీ వరుస మీకే వదిలేస్తారు. ఇది నాకు అన్నింటికంటే పనికొచ్చే ఉపాయంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో ఎవరూ ఓడిపోవడం లేదు.

అది సాగని చోట కనీసంగా అడగవలసినవి ఉన్నాయి. ఖాళీ వయల్ గాని ఆంపౌల్ గాని సిరంజితో పాటే ట్రేలో ఉండాలి, వేసేదాకా పారవేయకూడదు. ప్లాస్టర్ ముక్క మీద రోగి పేరు, ఐ.పి. నంబరు, మందు, డోసు ఉండాలి. మీరు చూడని మందును మీరు లోడ్ చేసినట్టు, వేయని డోసును వేసినట్టు సంతకం చేయకూడదు. సంతకం విషయంలో మాత్రం సర్దుబాటు ఉండకూడదని నా అభిప్రాయం. “నేను వేసినవాటికే పెడతాను సిస్టర్” అని నెమ్మదిగా అంటే చాలు, కారణం వివరించనక్కరలేదు. ఎంతటి హడావిడిలో ఉన్నా మీరు ఒంటరిగా ముట్టకూడనివి కొన్ని ఉన్నాయి: ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్, మెగ్నీషియం సల్ఫేట్, అడ్రినలిన్, డిగాక్సిన్, మత్తు మందులు. వీటికి ఇద్దరు విడివిడిగా లెక్క వేసి సరిచూసుకోవాలి. పొటాషియం క్లోరైడ్ ఆంపౌల్‌ను మాత్రం ఎప్పుడూ నేరుగా నరంలోకి ఇవ్వరాదు. పది మిల్లీలీటర్ల ఆ ఆంపౌల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటుంది. బాటిల్‌లో పలచన చేసి గంటల తరబడి ఎక్కించవలసిన దానిని డిస్టిల్డ్ వాటర్ అనుకుని ఒక్కసారిగా తోస్తే గుండె ఆగిపోతుంది.

సిస్టర్‌తో పొసగకపోతే మీ క్లినికల్ ట్యూటర్ ద్వారా ఇన్‌ఛార్జ్‌కు చెప్పించడం మరొక మార్గం. మీరు ఇంకా రిజిస్టరైన నర్సు కారు. పర్యవేక్షణలోనే మందు ఇవ్వాలి గనుక ఈ విషయం అడిగే హక్కు మీ ట్యూటర్‌కు ఉంది, అడగడం ఆమె బాధ్యత కూడా. ఒక్కరే వెళితే చాడీలా వినిపిస్తుంది. మీ బ్యాచ్‌లో నలుగురైదుగురు కలిసి వెళ్లి, ఎవరి పేరూ ఎత్తకుండా, ఉదయం ఇంజక్షన్ల వేళ ట్యూటర్ వార్డులో ఉండాలని కోరండి. అప్పుడు కొన్ని రోజులు వార్డులో వాతావరణం బిగుసుకుంటుంది, అది భరించగలరో లేదో మీరే చూసుకోవాలి.

లెక్కల భయానికి వస్తాను. మీరు ఫార్ములాను గుర్తు పెట్టుకుని అంకెలు అందులో పడేస్తున్నారని మీ ఉత్తరంలోని ఉదాహరణను బట్టి అర్థమవుతున్నది. ముందు కావలసినది ఫార్ములా కాదు, ఒక్క మిల్లీలీటరులో ఎంత మందు ఉందన్న అంకె. అది లేబుల్ మీదే ఉంటుంది. పన్నెండు కిలోల బిడ్డకు కిలోకు 15 మి.గ్రా. చొప్పున పారాసిటమాల్ అంటే 180 మి.గ్రా. ఐదు మిల్లీలీటర్లలో 125 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 7.2 మి.లీ., 250 మి.గ్రా. ఉండేది అయితే 3.6 మి.లీ. రెండు సీసాలూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి కావచ్చు. లేబుల్ చదవకుండా “ఒక చెంచాన్నర” అన్నవారి లెక్క ఒక సీసాకు సరిపోయి మరొక సీసాకు రెట్టింపవుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌లో ఈ తేడా ఇంకా ప్రమాదకరం. ఐదు మిల్లీలీటర్ల వయల్‌లో మొత్తం 25,000 యూనిట్లు ఉండేదీ దొరుకుతుంది, 5,000 ఉండేదీ దొరుకుతుంది. అంటే మిల్లీలీటరుకు 5,000 ఒకదానిలో, 1,000 మరొకదానిలో.

ఇన్సులిన్ గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన దేశంలో రెండు గాఢతల ఇన్సులిన్ పక్కపక్కనే వాడకంలో ఉంది. మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్‌కు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లదానికి నారింజ మూత సిరంజి. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకోండి. 40 యూనిట్ల సిరంజిలో 20వ గీత అంటే అర మిల్లీలీటరు. అదే సిరంజితో 100 యూనిట్ల వయల్ నుంచి 20వ గీత వరకు తీస్తే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు; రోగి ఒక గంటలో చెమటలు పట్టి స్పృహ తప్పవచ్చు. తిరగేస్తే, 100 యూనిట్ల సిరంజితో 40 యూనిట్ల వయల్ నుంచి 20వ గీత వరకు తీస్తే అందేది 8 యూనిట్లే. షుగర్ దిగదు, డాక్టరు మరునాడు డోసు పెంచుతారు, ఆ తరువాత ఎవరో సరైన సిరంజితో వేస్తారు. గీతను నమ్ముకునే ముందు వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని చూడడం రెండు క్షణాల పని. యూనిట్లు అన్న మాటకు బదులు ఇంగ్లీషు యు అక్షరం రాస్తే దానిని సున్నా అనుకుని 4ను 40గా చదివిన సందర్భాలు ఉన్నందువల్లే, ఆ మాటను పూర్తిగా రాయమంటారు. చుక్క కనపడకపోతే అంకె పదిరెట్లవుతుంది గనుక ఒక మి.గ్రా.ను 1.0 అని రాయకూడదు, అర మి.గ్రా.ను .5 అని గాక 0.5 అని రాయాలి.

డ్రిప్ లెక్క కూడా ఇంతే. 500 మి.లీ. బాటిల్ ఆరు గంటల్లో పోవాలి, సెట్ (బాటిల్ నుంచి ద్రవం దించే గొట్టం) మిల్లీలీటరుకు 20 చుక్కలది. మొత్తం చుక్కలు 10,000, నిమిషాలు 360, అంటే నిమిషానికి ఇంచుమించు 28. సెట్ ప్యాకెట్ మీద చుక్కల సంఖ్య రాసి ఉంటుంది, మైక్రో సెట్ అయితే అది 60. కాగితం మీద వేసి చూడడానికి సిగ్గుపడకండి. మనసులో వేసే లెక్కకు వార్డులో ఎవరూ బహుమతి ఇవ్వరు.

లెక్క సరిపోతే చాలదని కూడా చెప్పాలి. అట్రోపిన్ ఆంపౌల్‌లో 0.6 మి.గ్రా. ఉంటుంది, ఆపరేషన్‌కు ముందు ఒక ఆంపౌల్ చాలునని మీరు చదివారు. పురుగుల మందు తాగి వచ్చిన రైతుకు డాక్టరు ఐదు ఆంపౌల్స్‌తో మొదలుపెట్టి, ఐదు నిమిషాలకొకసారి రెట్టింపు చేయమంటే పుస్తకం ప్రకారం అది తప్పులా కనిపిస్తుంది. ఆ విషం ఊపిరితిత్తుల్లో ఊరించే నీటిని ఆరబెట్టడమే అక్కడ లక్ష్యం, గురగుర శబ్దం పోయేదాకా ఇస్తూనే ఉంటారని తెలిస్తే అదే ఆదేశం అర్థమవుతుంది. ఎప్పుడు ఎక్కువైందో కూడా తెలుస్తుంది: జ్వరం, పిచ్చి మాటలు, మూత్రం ఆగిపోవడం. పాము కాటుకు ఇచ్చే విరుగుడు ఇంకా విచిత్రం. అన్నింటికీ కిలోల లెక్క నేర్చుకున్న మీరు బిడ్డకు తక్కువ వయల్స్ సరిపోతాయనుకుంటారు. పాము బిడ్డను చూసి విషం తగ్గించి వేయదు కాబట్టి పెద్దవారికి ఎన్నో పిల్లలకూ అన్నే. కర్నూలు, అనంతపురం వార్డుల్లో ఈ రెండు కేసులూ మీకు తప్పకుండా ఎదురవుతాయి గనుక వీటిని ఎంచుకున్నాను.

బట్టీ పోవాలంటే పాఠ్యపుస్తకం నుంచి కాక ట్రే నుంచి చదవండి. సర్జికల్ వార్డులో రోజూ తిరిగేవి ముప్పై నలభై మందులు. ఈ రోజు మీరు చేత్తో ఇచ్చిన మూడింటిని సాయంత్రం హాస్టల్లో ఒక నోటుపుస్తకంలో రాయండి. ఈ రోగికి ఇది ఎందుకు, ఇచ్చే ముందు ఏం చూడాలి, ఇచ్చాక ఏం కనిపెట్టాలి, దేనితో కలపకూడదు. డిగాక్సిన్ అయితే ముందు నిమిషం పాటు నాడి చూసి 60 కంటే తక్కువుంటే ఆపి డాక్టరుకు చెప్పాలి. సెఫ్ట్రియాక్సోన్ అయితే కాల్షియం ఉన్న రింగర్ లాక్టేట్‌తో కలపరాదు. ఫినైటోయిన్ అయితే సెలైన్‌లోనే, గ్లూకోజులో కలిపితే గడ్డలు కడుతుంది. మందు పేరు ఇంగ్లీషు వర్ణక్రమంతోనే నేర్చుకోండి, మిగతాదంతా తెలుగులో రాసుకోండి. పరీక్ష ముందు ఇంగ్లీషులోకి మార్చుకోవడం పెద్ద పని కాదు. రోగి “ఇది నేను రోజూ వేసుకునే మాత్ర కాదే” అన్నప్పుడు మాత్రం అతనికేం తెలుసులే అనుకోకుండా చేయి వెనక్కు తీసుకుని చార్టు చూడండి. చాలాసార్లు కంపెనీ మారి రంగు మారి ఉంటుంది, కొన్నిసార్లు అతనే నిజం చెబుతూ ఉంటాడు.

ఈ చదువు మీకు తగినదేనా అన్నదానికి నేను అవుననో కాదనో చెప్పను. సూది చేతిలో ఉండగా భయపడే విద్యార్థిని ఆగి చూస్తుంది కాబట్టి ఆ భయాన్ని నేను అనర్హతగా లెక్కించను. చేతులు వణికి సూదే పట్టలేని స్థితి అయితే అది వేరు, దానికి కళాశాలలో కౌన్సెలింగ్ కోరండి. కొందరు పిల్లలు ఆసుపత్రి వద్దు, పల్లెల్లో ఆరోగ్య కేంద్రాల్లో పని చేసుకుంటామంటారు. బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవారికి అక్కడ ఉద్యోగాలు ఉన్నమాట నిజమే గాని, అక్కడ చాలా చోట్ల పక్కన డాక్టరు ఉండరు, మందు గురించి తెలియవలసింది తక్కువ కాదు, ఎక్కువ. మానేసి వేరే కోర్సుకు మారితే రెండేళ్ల ఫీజు పోతుంది. అప్పు గురించి మీ నాన్నగారితో ముందే మాట్లాడండి, వారు కోపగించుకుంటారని దాచి చివరకు చెప్పడం ఇద్దరికీ కష్టం. ఏదేమైనా ఈ పోస్టింగ్ మధ్యలో నిర్ణయించుకోకండి. మెడికల్ వార్డు, పిల్లల వార్డు చూడండి, కొన్నాళ్లు మీరే లోడ్ చేసి మీరే వేయండి. అప్పటికీ ఈ బెంగ ఇలాగే ఉంటే మళ్లీ రాయండి; ఏయే కోర్సులకు మారే వీలుందో, దేనికి ఎంత ఖర్చవుతుందో అప్పుడు వివరంగా చూద్దాం.